దోషాన్ని వెదికే విద్య

(పాఠశాల ప్లాటినమ్ జూబిలీ ఉత్సవాలలో, పూర్వవిద్యార్థుల సదస్సునాడు చేసిన ప్రసంగ పాఠం)



నాకంటె ముందు మాట్లాడినవారిలో వైద్యులున్నారు, న్యాయవాదులున్నారు, కళాశాల అధ్యాపకులున్నారు. నేను మోటారు మెకానిక్కును. హోసూరు పట్టణంలో బాగలూరు పోయే దారిపక్కన నాకొక షెడ్డు ఉన్నది. వజ్రంవంటి ఈ సభలో గ్రీజు చేతులవాడు ఏమి మాట్లాడగలడని నేను సంకోచించినప్పుడు, ప్రధానోపాధ్యాయులవారు "నీకు బాగా తెలిసినది ఏదో అదే చెప్పు, పిల్లలు వింటారు" అన్నారు. నాకు బాగా తెలిసినది ఒక్కటే. ఇంజను ఆగిపోయినప్పుడు అది ఎందుకు ఆగినదో కనిపెట్టడం. అందులోనూ, క్యామ్ షాఫ్ట్ సెన్సారు అనే చిన్న భాగం, దాని మూడు తీగలు నాకు నేర్పిన పాఠం ఒకటున్నది. ఆ పాఠం మొదలు ఈ బడి విజ్ఞానశాస్త్రపు గదిలోనే నాకు అందినది. నేను దానిని మరచిపోయి, ఒక మనిషికి నష్టం కలిగించి, మళ్ళీ జ్ఞాపకం తెచ్చుకొన్నాను. ఈనాడు మీకు చెప్పదలచినది ఆ సంగతి.

గడియారానికి తెలియనిది

ముందుగా పిల్లల కోసం ఇంజను సంగతి కొంచెం చెప్పాలి. మన కార్లలో, లారీలలో ఉండే ఇంజను నాలుగు అడుగుల పని చేస్తుంది. గాలిని పీల్చుకొంటుంది, అదుముతుంది, మండిస్తుంది, పొగను వెళ్ళగొడుతుంది. ఈ నాలుగు పనులు పూర్తికావడానికి పిస్టను రెండుసార్లు పైకి, రెండుసార్లు కిందికి కదలాలి. అంటే పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరగాలి. వాల్వులను తెరిచి మూసే క్యామ్ షాఫ్ట్ మాత్రం అంతలోపల ఒక్క చుట్టే తిరుగుతుంది. ఈ రెండింటినీ ఒక గొలుసో, పళ్ళ బెల్టో, పళ్ళ చక్రాలో కలిపి ఉంచుతవి.

ఇప్పటి ఇంజనుకు ఒక చిన్న కంప్యూటరు ఉన్నది. దానిని మేము ఈసీయూ అంటాము. ఏ సిలిండరులో ఏ క్షణాన ఇంధనం చిమ్మాలో, పెట్రోలు బండి అయితే ఏ క్షణాన నిప్పురవ్వ పుట్టించాలో అదే నిర్ణయిస్తుంది. దానికి కళ్ళు లేవు. సెన్సార్లే దాని కళ్ళు. క్రాంక్ షాఫ్ట్ దగ్గర ఒక సెన్సారు ఉంటుంది. అది ఎదురుగా తిరిగే చక్రం పళ్ళను లెక్కిస్తుంది. చాలా ఇంజన్లలో ఆ చక్రాన్ని అరవై పళ్ళకు సమంగా విభజించి, రెండు పళ్ళు కావాలనే లేకుండా చేస్తారు. ఒక్కొక్క పంటికి ఆరు డిగ్రీలు. పళ్ళు లేని ఖాళీ వచ్చినప్పుడల్లా ఒక చుట్టు ముగిసినదని కంప్యూటరుకు తెలుస్తుంది.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. మొదటి సిలిండరు పిస్టను ఒక పూర్తి ఆవర్తనంలో రెండుసార్లు పైకొసకు వస్తుంది. ఒకసారి గాలిని అదిమి మంటకు సిద్ధంగా వస్తుంది. మరొకసారి పొగను నెట్టివేస్తూ వస్తుంది. క్రాంక్ సెన్సారుకు ఈ రెండూ ఒకేలా కనబడతవి. మన గోడగడియారాన్ని చూడండి. దాని గంటలముల్లు రోజుకు రెండుసార్లు తిరుగుతుంది. ఆరు గంటలని అది చెప్పగలదు గాని ఉదయం ఆరో, సాయంకాలం ఆరో చెప్పలేదు. అది తెలియాలంటే కిటికీ తెరిచి ఆకాశంవైపు చూడాలి. ఇంజనులో ఆ ఆకాశం చూసి చెప్పేదే క్యామ్ షాఫ్ట్ సెన్సారు. క్యామ్ షాఫ్ట్ రోజుకొక్కసారి తిరిగే సూర్యునివంటిది కనుక, దానిని చూస్తే పొద్దా, మాపా అన్న సందేహం ఉండదు.

అది చెప్పడం మానివేస్తే ఏమవుతుంది? ఇంజనును బట్టి ఉంటుంది. కొన్ని బండ్లు ఒకసారి లెక్క కుదిరిన తరువాత క్రాంక్ లెక్కతోనే నడుస్తూ ఉంటవి. ఆపితే మాత్రం మళ్ళీ స్టార్టు కావడానికి మొరాయిస్తవి. కొన్ని ఊహించి ప్రయత్నించి, చాలాసేపు తిప్పిన తరువాత అందుకొంటవి. కొన్ని బలం తగ్గించుకొని కుంటుతూ నడుస్తవి. కొన్ని ఆగిపోతవి. సాధారణంగా డ్యాష్‌బోర్డు మీద ఇంజను బొమ్మ ఉన్న పసుపుపచ్చ దీపం వెలుగుతుంది.

మూడు తీగలు

ఈ సెన్సార్లలో రెండు రకాలు మనకు ఎక్కువగా కనబడతవి. రెండు తీగలది ఒకటి. అది 1831లో ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ సూత్రం మీద పనిచేస్తుంది. అయస్కాంతం చుట్టూ తీగచుట్ట, ఎదుట ఇనుపపన్ను కదిలితే తీగలో తనంతట తానే విద్యుత్తు పుడుతుంది. మూడు తీగలది రెండవ రకం. దానికి ఆధారం హాల్ ప్రభావం. 1879లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఎడ్విన్ హాల్ అనే పరిశోధక విద్యార్థి, పలుచని బంగారు రేకులో విద్యుత్తును పారించి, అడ్డంగా అయస్కాంత క్షేత్రాన్ని పెట్టి చూచినాడు. రేకు రెండు అంచుల మధ్య చిన్న వోల్టేజి కనబడినది. ఆనాటికి అతనికి ఇరవై నాలుగేండ్లు నిండలేదు. ఇంత స్వల్పమైన సంగతి దేనికి పనికివస్తుందో అప్పుడు ఎవరికీ తోచి ఉండదు. ఈనాడు మనం నడిపే బండ్లలో ఎన్నింటికో అదే ప్రాణం. మా ఎదుట కూర్చున్న చిన్నవిద్యార్థులు ఈ ముక్క గుర్తుంచుకోవాలి.

ఈ రెండవ రకానికి ఒక తీగ కరెంటు ఇస్తుంది. బండిని బట్టి అది 5 వోల్టులు కావచ్చు, 12 కావచ్చు. రెండవ తీగ ఎర్తు. మూడవది సంకేతం. ఈ మూడవదాని పద్ధతి తెలుసుకోదగినది. సాధారణంగా ఆ తీగలో వోల్టేజిని పెట్టేది సెన్సారు కాదు, కంప్యూటరు. ఒక నిరోధం ద్వారా కంప్యూటరు అక్కడ 5 వోల్టులు నిలిపి ఉంచుతుంది. సెన్సారు చేసే పనల్లా, ఎదుటికి పన్ను వచ్చిపోయేకొద్దీ ఆ తీగను ఎర్తుకు కలపడం, వదలడం. కలిపితే సున్న, వదిలితే ఐదు. ఈ ఎగుడుదిగుడులనే కంప్యూటరు చదువుకొంటుంది. ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే క్యామ్ షాఫ్ట్ క్షణానికి 25 చుట్లు తిరుగుతుంది. అంత వేగంలో ఒక్క తీగ తడబడినా లెక్క తప్పుతుంది.

రోజాపూల బండి

ఇక నా కథ. 2013 ఫిబ్రవరి. బాగలూరు పక్క పల్లెనుంచి బెంగుళూరు కె.ఆర్. మార్కెట్టుకు పూలు తోలే ఒక డీజిల్ వ్యాను నా షెడ్డుకు వచ్చినది. బండి యజమానే డ్రైవరు. నాకంటె పదేండ్లు పెద్ద. నేను అన్నా అని పిలిచేవాణ్ణి. చల్లగా ఉన్నప్పుడు బండి బాగానే నడుస్తుంది. ఒక గంట నడిచి వేడెక్కిన తరువాత గుంజుతుంది, ఆగిపోతుంది. అరగంట నీడన నిలబెడితే మళ్ళీ ఏమీ ఎరుగనట్టు స్టార్టవుతుంది.

స్కానరు తగిలించినాను. పి 0340 అని వచ్చినది. క్యామ్ షాఫ్ట్ సెన్సారు సర్క్యూటు అని దాని అర్థం. నేను సర్క్యూటు అన్న మాటను వదిలిపెట్టి సెన్సారు అన్న మాటనే చదివినాను. సెన్సారు మార్చినాను, డబ్బు తీసుకొన్నాను, పంపినాను. నాలుగు రోజులకు బండి తిరిగి వచ్చినది. అదే కోడు. బజారులో కొన్న సరుకు నకిలీది అయి ఉంటుందని తీర్మానించి, కంపెనీ డీలరు దగ్గర మూడింతల ధర పెట్టి మరొకటి తెప్పించి వేసినాను. దానికీ డబ్బు తీసుకొన్నాను.

ఫిబ్రవరి రెండవ వారం వచ్చినది. మన ప్రాంతపు రోజాలకు ఏడాది పొడుగునా అంత గిరాకీ ఉండే రోజులు మరి లేవని మీకందరికీ తెలుసు. ఒకనాటి తెల్లవారుజామున అత్తిబెలె దాటిన తరువాత, నిండు బరువుతో ఆ బండి ఆగిపోయినది. మరొక బండి పిలిపించి పూలు మార్చేసరికి పొద్దెక్కినది. మార్కెట్టు ముగిసినది. ఆ పూలు ఆయన ఒక్కడివి కావు, ఊళ్ళో నాలుగు కుటుంబాలవి. సాయంకాలం బండిని తాడుతో కట్టించుకొని వచ్చి నా షెడ్డు ముందు నిలిపి, ఆయన కోపపడలేదు. "ఏమప్పా, నీకు తెలియకుంటే తెలియదని చెప్పు. ఇంకొకరి దగ్గరికి పోతాను. నువ్వు మార్చేదానికి, నేను దుడ్డు ఇచ్చేదానికి ఇంకేమీ మిగల్లేదు" అన్నాడు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

బల్బు వెలగని రోజు

ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఏడవ తరగతిలో జరిగిన ఒక సంగతి జ్ఞాపకం వచ్చినది. మా సైన్సు మాస్టారు బల్లమీద ఒక బ్యాటరీ, ఒక హోల్డరు, ఒక బల్బు, రెండు తీగలు పెట్టి సర్క్యూటు కలిపినారు. బల్బు వెలగలేదు. ఏమి చెడినదని అడిగినారు. క్లాసంతా ఒకే గొంతుతో బల్బు మాడిపోయినదండీ అన్నాము. వెలగనిది బల్బు గనుక తప్పు బల్బుదే అనుకొన్నాము. ఆయన ఆ బల్బును తీసి పక్కబల్ల సర్క్యూటులో పెట్టినారు. వెలిగినది. తరువాత బ్యాటరీని పరీక్షించినారు. బాగున్నది. తీగలను ఒక్కొక్కటే మార్చి చూచినారు. చివరికి హోల్డరులోని ఇత్తడి రేకు తుప్పుపట్టి ఉండడం బయటపడినది. దుఃఖం కనబడే చోట దోషం ఉండాలని లేదు, ప్రతివారినీ విడివిడిగా అడిగి తెలుసుకోవాలి అని దాని సారాంశం. ఆ పాఠానికి నాకు పదికి పది మార్కులు వచ్చినవి. ఇరవై ఏండ్ల తరువాత వ్యాను ముందు నిలబడి మళ్ళీ బల్బునే మార్చుతున్నాను!

విడివిడిగా అడగడం

మరునాడు ఉదయం కొత్త భాగమేదీ కొనకుండా, ఒక మల్టీమీటరు మాత్రం చేతబట్టుకొని మొదలుపెట్టినాను. మొదట బ్యాటరీని చూచినాను. బలహీనమైన బ్యాటరీ ఎన్నో సెన్సార్ల మీద నిందలు వేయిస్తుంది. బాగున్నది. సెన్సారు కనెక్టరు ఊడదీసి లోపల నూనె, పచ్చతుప్పు, వెనుకకు జారిన పిన్ను ఉన్నవేమో చూచినాను. శుభ్రంగా ఉన్నది. తాళం వేసి, ఇంజను స్టార్టు చేయకుండా కనెక్టరు దగ్గర కొలిచినాను. కరెంటు తీగలో 5 వోల్టులు. ఎర్తు తీగకు, బ్యాటరీ మైనస్‌కు నడుమ తేడా దాదాపు సున్న. సంకేతపు తీగలో కంప్యూటరు నిలిపిన 5 వోల్టులు. మూడూ సరిగానే ఉన్నవి.

ఇక్కడే మావంటివారు తప్పటడుగు వేస్తారు. తీగలు మూడూ బాగున్నవి కాబట్టి సెన్సారే చెడినదని తేల్చివేస్తారు. కాని ఆ బండి చల్లగా ఉన్నప్పుడు ఎన్నడూ ఆగలేదు గదా! రోగికి జ్వరం లేని సమయంలో చూచి జ్వరం లేదని చెప్పినట్టు, దోషం లేని సమయంలో కొలిచి దోషం లేదనడం ఏమి పరీక్ష? బండి ఏ పరిస్థితిలో చెడుతున్నదో ఆ పరిస్థితిలోనే కొలవాలి.

అందుచేత ఆయనను పక్కన కూర్చోబెట్టుకొని, బండిలో ఇసుక మూటలు వేసుకొని, ఎత్తుపల్లాలు ఉన్న దారిలో నడిపినాను. నలభై నిమిషాలకు గుంజి ఆగినది. వెంటనే దిగి, చల్లారకముందే కనెక్టరు ఊడదీసి కొలిచినాను. కరెంటు తీగలో 5. ఎర్తు సరి. సంకేతపు తీగలో సున్న. సెన్సారు ఊడదీసి నా చేతిలో ఉన్నది. అది లేకపోయినా ఆ తీగలో 5 వోల్టులు ఉండాలి, లేవు. ఆ ఒక్క కొలతతో రెండు సెన్సార్లూ నిర్దోషులని తేలిపోయినది.

మిగిలిన అనుమానాలు మూడు. తీగ మధ్యలో తెగి ఉండాలి, లేదా ఎక్కడో ఇనుమును తాకుతూ ఉండాలి, లేదా కంప్యూటరులోపలే చెడి ఉండాలి. బ్యాటరీ తీగ విప్పి, కంప్యూటరు కనెక్టరు కూడా ఊడదీసి, ఆ సంకేతపు తీగకు, బండి బాడీకి మధ్య నిరోధాన్ని కొలిచినాను. రెండు కొసలూ విడిగా ఉన్న తీగ బాడీని అంటకూడదు. మీటరు మాత్రం రెండు మూడు ఓములే చూపినది. అంటే తీగ తెగలేదు, కంప్యూటరు చెడలేదు. ఎక్కడో ఇనుమును తాకుతున్నది. మీటరును అలాగే ఉంచి, తీగల కట్టను జానెడు జానెడు కదుపుతూ వచ్చినాను. స్టార్టరు మోటారు పైభాగాన, ఒక ఇనుప బ్రాకెట్టు దగ్గరకు వచ్చేసరికి అంకె మారినది. ఎత్తితే అంటడం లేదు, వదిలితే అంటుతున్నది.

కట్ట విప్పి చూచినాను. తీగమీది తొడుగు బ్రాకెట్టు అంచుకు రాసుకొని రాసుకొని, గోరంత మేర రాగి బయటపడి ఉన్నది. చల్లగా ఉన్నప్పుడు వెంట్రుకవాసి దూరంలో నిలుస్తుంది. వేడికి తొడుగు మెత్తబడి, బరువుకు ఇంజను ఒరిగినప్పుడు పోయి తాకుతుంది. తాకినంతసేపూ కంప్యూటరుకు ఆకాశం కనబడదు.

క్లిప్పు

ఆ కట్ట ఆ బ్రాకెట్టు మీద ఎందుకు పడినది? దానిని పైకెత్తి పట్టుకోవలసిన ప్లాస్టిక్ క్లిప్పు అక్కడ లేదు. రెండు నెలల కిందట అదే బండికి స్టార్టరు మోటారు దించి ఎక్కించినది ఎవరు? నేనే. ఆనాడు ఆ క్లిప్పు నా చేతిలో విరిగినది. ఇంత చిన్నదానితో ఏమవుతుందిలే అని విసిరివేసినాను. ఆ క్షణం నాకు కన్నులకు కట్టినట్టు జ్ఞాపకం వచ్చినది.

ఆయన పక్కనే రాతిమీద కూర్చొని బీడీ వెలిగించుకొంటున్నాడు. తీగ దొరికిన సంగతి చెబితే చాలు, సంతోషించేవాడు. క్లిప్పు సంగతి ఆయనకు తెలిసే మార్గం లేదు. నేను కొంచెంసేపు తీగను చూస్తూ ఉండిపోయి, తరువాత అంతా చెప్పినాను. రెండు సెన్సార్లకు తీసుకొన్న డబ్బు తిరిగి ఇస్తానని, పూల నష్టంలో నా వాటా కొంత భరిస్తానని చెప్పినాను. ఆయన పొగ వదిలి, "నువ్వు చెప్పకుంటే నాకు తెలిసేది కాదు గదప్పా" అన్నాడు. "నాకు తెలుసు గదన్నా" అన్నాను. ఆయన సెన్సార్ల డబ్బు తీసుకొన్నాడు; పూల డబ్బు తీసుకోలేదు. నేను ఆ నాలుగు ఇండ్లకూ పోయి చెప్పి వచ్చినాను. ఆ ఊరి బండ్లు ఈనాటికీ నా షెడ్డుకే వస్తవి.

ఆ తీగను నేను టేపు చుట్టి వదిలివేయలేదు. చెడిన ముక్క కోసివేసి, అదే మందం తీగను అతికి, వేడికి ముడుచుకొనే గొట్టం తొడిగి, కట్టను బ్రాకెట్టుకు ఎడంగా కొత్త క్లిప్పుతో నిలిపినాను. కోడు చెరిపి, మళ్ళీ అదే బరువుతో అదే దారిలో నడిపి చూచినాను. కోడును చెరపడం మరమ్మతు కాదు. అది మళ్ళీ రాకపోవడం మరమ్మతు.

పనివారికి నాలుగు మాటలు

ఈ సభలో నావంటి పనివారు, ఐటీఐలో చదివే పిల్లలు కొందరున్నారు. వారికోసం క్లుప్తంగా చెబుతాను. కోడు నేరస్థుని పేరు కాదు, ఫిర్యాదు వచ్చిన వీధి పేరు. పి 0340 మొత్తం సర్క్యూటును చెబుతుంది. పి 0341 సంకేతం వస్తున్నది గాని తీరు సరిగా లేదంటుంది. పి 0342 వోల్టేజి తక్కువగా, పి 0343 ఎక్కువగా నిలిచిపోయినదంటవి. పి 0344 వచ్చిపోయే దోషాన్ని చెబుతుంది. చెరపకముందు వీటిని రాసిపెట్టుకోండి. ఆ సమయానికి ఇంజను వేడి ఎంత, వేగం ఎంత అన్నది కూడా స్కానరులో నిలిచి ఉంటుంది, అదీ రాసుకోండి.

మూడు తీగల సెన్సారుకు ఓములు కొలిచి మంచిచెడ్డలు తేల్చవద్దు. లోపల ఎలక్ట్రానిక్సు ఉన్నది, ఆ అంకెకు అర్థం లేదు. రెండు తీగలదానికే ఆ పరీక్ష. కరెంటు ఉన్న తీగలో ఎన్నడూ నిరోధం కొలవవద్దు. కంప్యూటరు తీగలకు పాతకాలపు టెస్టుబల్బు తగిలించవద్దు. అది లాగే కరెంటుకు లోపలి భాగాలు మాడవచ్చు. సూదితో తీగ తొడుగును పొడవవద్దు. ఆ రంధ్రం గుండా నీరు దిగి ఆరునెలలకు కొత్త దోషం పుడుతుంది.

5 వోల్టుల కరెంటు తీగలోనే లేకపోతే తొందరపడవద్దు. చాలా బండ్లలో అదే 5 వోల్టులను మరికొన్ని సెన్సార్లు పంచుకొంటవి. వాటిలో ఒకటి లోపల షార్టయితే అందరికీ కరెంటు పోతుంది. ఒక్కొక్కదానినే ఊడదీస్తూ పోండి. ఏది తీసినప్పుడు 5 వోల్టులు తిరిగి వస్తవో దోషం దానిలోనో, దాని తీగలోనో ఉన్నది. ఉమ్మడి బావిలో ఒకరు చేద పడవేస్తే ఊరంతటికీ నీళ్ళు లేనట్టు.

తీగలూ సెన్సారూ బాగుండి కూడా కోడు వస్తుంటే, క్యామ్, క్రాంక్ రెండింటి సంకేతాలను ఆసిలోస్కోపులో ఒకేసారి పక్కపక్కన చూడండి. సాగిన గొలుసు, ఒక పన్ను దాటి కూర్చున్న బెల్టు, వంగిన చక్రపు పన్ను ఉంటే అక్కడ కనబడతవి. అప్పుడు పి 0016 వంటి కోడు తోడుగా రావచ్చు. పాపం, సెన్సారు నిజమే చెబుతుంటుంది. తప్పిన కాలాన్ని తప్పినట్టు చెప్పినందుకు మనం దానిని మార్చివేస్తుంటాము.

ఈ బడి సంగతి

తల్లిదండ్రులు నన్ను తరచుగా అడుగుతుంటారు. తెలుగులో చదివితే పిల్లలకు ఇటువంటి పనులు ఎట్లా వస్తవి, పుస్తకాలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నవి గదా అని. ఆ ప్రశ్నలో న్యాయమున్నది. నేను మొదటిసారి సర్వీసు మాన్యువలు తెరిచినప్పుడు సగం అర్థం కాలేదు. డిక్షనరీ పక్కన పెట్టుకొని రెండేండ్లు కష్టపడినాను. ఇంగ్లీషు నేర్వవలసినదే. 2006లో చట్టం వచ్చిన తరువాత మన పిల్లలు తమిళం కూడా తప్పనిసరిగా చదువుతున్నారు. ఉన్న ఊరి భాష నేర్వడం మంచిదే, నా షెడ్డులో మూడు భాషలూ, కన్నడంతో కలిపితే నాలుగూ రోజూ వినబడతవి. కాని ఒకటి చెప్పగలను. రెసిస్టెన్సు అన్న మాటను బట్టీపట్టినవారు నా దగ్గరకు పని నేర్వడానికి వచ్చినారు. నిరోధం అని చదువుకొన్నవారూ వచ్చినారు. నిరోధం అంటే అడ్డగించడమని ఆ మాటలోనే ఉన్నది. వారికి నేను దానిని మళ్ళీ చెప్పవలసిన పని లేకపోయినది. ఇరవై ఏండ్ల తరువాత అర్ధరాత్రి నాకు జ్ఞాపకం వచ్చిన పాఠం తెలుగులో చెప్పిన పాఠమే. అర్థమై ఉండకపోతే అది జ్ఞాపకం వచ్చేది కాదు.

ఈ తరగతి గదులలో మేము బల్లకు ఐదుగురం కూర్చునేవారము. ఈనాడు ఖాళీ బల్లలు కనబడుతున్నవి. వాటిని చూచి నొచ్చుకొని పోవడానికి నేను రాలేదు. ఇంజను ఆగినప్పుడు దీపాన్ని తిట్టి లాభం లేదు; కారణాలను ఒక్కొక్కటే పరీక్షించాలి. బడికి బస్సు సౌకర్యమా, ఇంగ్లీషు బోధనలో బలహీనతా, చదివిన తరువాత పని దొరుకుతుందన్న నమ్మకం లేకపోవడమా? మన కమిటీవారు ఇంటింటికీ పోయి అడిగి తెలుసుకొంటే బాగుంటుంది. మొదటనే తెలుగు మీద తప్పు మోపి దానిని మార్చివేస్తే, నేను సెన్సారును మార్చినట్టే అవుతుంది.

2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో అమ్మే కొత్త బండ్లకు బీఎస్ 6 ప్రమాణాలు వచ్చిన తరువాత ఇంజన్ల మీద సెన్సార్లు మరింత పెరిగినవి. ఇంకొకవైపు మన జిల్లాలోనే కరెంటు స్కూటర్లు తయారవుతున్నవి. వాటికి పిస్టను లేదు, వాల్వు లేదు, క్యామ్ షాఫ్ట్ లేనే లేదు. అయితే నా విద్య పాతబడినదా? అటువంటి మోటార్లు చాలావాటిలో, చక్రం ఏ స్థానంలో ఉన్నదో చెప్పడానికి అదే హాల్ సెన్సారు ఉన్నది; అదే కరెంటు తీగ, అదే ఎర్తు, అదే సంకేతం. యంత్రాలు మారతవి. వెదికే పద్ధతి మారదు.

చివరగా ఒక చిన్న కానుక. సైన్సు గదిలో పెట్టడానికి ఒక బల్ల తయారుచేసి తెచ్చినాను. దానిమీద ఒక బ్యాటరీ, చేతితో తిప్పే పళ్ళ చక్రం, ఒక క్యామ్ షాఫ్ట్ సెన్సారు, సంకేతం వచ్చినప్పుడల్లా వెలిగే చిన్నదీపం, రెండు మల్టీమీటర్లు ఉన్నవి. వెనుక తలుపు తాళంలో ఐదు స్విచ్చులు ఉన్నవి. ఒక్కొక్కటి ఒక్కొక్క దోషాన్ని పుట్టిస్తుంది. తాళంచెవి మాస్టారు దగ్గర ఉంటుంది. దీపం వెలగకపోతే పిల్లలు కారణం కనిపెట్టాలి. నెలకొక శనివారం నేనూ వచ్చి వారితో కూర్చుంటాను. ఆ బల్లమీద ఒక ప్లాస్టిక్ క్లిప్పు కూడా బిగించి పెట్టినాను. దానికి ఏ పనీ లేదు. అది ఎందుకున్నదని ఏ పిల్లవాడైనా అడిగితే, ఈ కథ చెప్పమని మాస్టార్లను కోరుతున్నాను.

ఈ బడి నూరేండ్ల పండుగకు మన మనుమలు ఈ వేదికమీద తెలుగులో మాట్లాడాలని కోరుకొంటున్నాను.